యూకేలో మాస్టర్స్‌కి అప్లై చేస్తున్నారా? డబ్బు కట్టేముందు చూసుకోవాల్సినవి

ఏటా మే, జూన్ వచ్చేసరికి మా బంధువుల పిల్లల్లో ఎవరో ఒకరు వాట్సాప్‌లో ఆఫర్ లెటర్ పంపి "బాబాయ్, ఇది మంచి యూనివర్సిటీయేనా?" అని అడుగుతారు. అప్పటికే కన్సల్టెన్సీ నుంచి డిపాజిట్ కట్టమని రోజుకు రెండుసార్లు ఫోన్లు వస్తుంటాయి. ఆ ప్రశ్న అప్లై చేయకముందే అడగాల్సింది. సెప్టెంబరు ఇంటేక్‌కి వెళ్లాలనుకుంటే ముందు ఏడాది అక్టోబరులోనే కోర్సులు వెతకడం మొదలుపెట్టండి.

ముందు పేర్ల సంగతి. యూనివర్సిటీ ఆఫ్ మాంచెస్టర్ వేరు, మాంచెస్టర్ మెట్రోపాలిటన్ వేరు. లీడ్స్ వేరు, లీడ్స్ బెకెట్ వేరు. బర్మింగ్‌హామ్ వేరు, బర్మింగ్‌హామ్ సిటీ వేరు. ఆక్స్‌ఫర్డ్‌కీ ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్‌కీ ఉన్న చుట్టరికం ఊరు వరకే. ప్రతి జంటలో రెండోసారి చెప్పినవి చెడ్డవని అనడం లేదు, వాటిలో బాగా చెప్పే కోర్సులూ ఉన్నాయి. కానీ "మావాడికి మాంచెస్టర్‌లో సీటొచ్చింది" అని స్వీట్లు పంచేముందు అది ఏ మాంచెస్టరో లెటర్ మీద చదవండి.

క్యాంపస్ కూడా అంతే. లండన్ బయట ఉన్న యూనివర్సిటీలు కొన్ని లండన్‌లోనూ క్లాసులు పెడతాయి. కోవెంట్రీ యూనివర్సిటీకి అలా లండన్ క్యాంపస్ ఉంది. కొన్నిచోట్ల డిగ్రీ ఇచ్చేది ఒక యూనివర్సిటీ, పాఠాలు చెప్పేది వేరే కాలేజీ. ఆఫర్ లెటర్‌లో క్లాసులు జరిగే చోటు రాసి ఉంటుంది. ఆ అడ్రస్‌ని మ్యాప్‌లో కొట్టి చూడండి. యూనివర్సిటీకి విదేశీ విద్యార్థుల్ని తీసుకునే లైసెన్స్ ఉందో లేదో బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్‌లోని స్పాన్సర్ల జాబితాలో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. "రస్సెల్ గ్రూప్" అన్న మాట విని పొంగిపోకండి, అందులో లేదని కుంగిపోకండి. అది 1994లో పెద్ద పరిశోధన యూనివర్సిటీలు తమంతట తాము పెట్టుకున్న సంఘం, ఇప్పుడు 24 ఉన్నాయి. సెయింట్ ఆండ్రూస్, బాత్, లఫ్‌బరో అందులో లేవు. వాటిని ఎవరూ చిన్నచూపు చూడరు.

అమీర్‌పేటలోనో విజయవాడ బెంజి సర్కిల్ దగ్గరో కన్సల్టెన్సీవాళ్లు "మా సర్వీస్ ఫ్రీ" అంటే నమ్మొచ్చు, నిజంగానే మీ దగ్గర తీసుకోకపోవచ్చు. వాళ్లకు కమిషన్ యూనివర్సిటీ ఇస్తుంది. అందుకే తమకు టై-అప్ ఉన్నవే చూపిస్తారు. మాస్టర్స్‌కి యూనివర్సిటీ సైట్‌లో మనమే నేరుగా అప్లై చేసుకోవచ్చు. వాళ్ల ద్వారానే వెళ్తానంటే ఒక్కటి మాత్రం పట్టుబట్టండి: అప్లికేషన్‌లో మీ సొంత ఈమెయిల్, మీ సొంత ఫోన్ నంబర్ ఉండాలి. లేకపోతే యూనివర్సిటీ ఏం అడిగిందో, మీ పేరుతో ఏం అప్‌లోడ్ అయిందో మీకు తెలియదు. మీకు తెలియకుండా దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ పెట్టినా ఇబ్బంది పడేది మీరే. మోసం చేశారని తేలితే పదేళ్లు వీసా రాకుండా చేయగలరు. బ్యాక్‌లాగ్స్ ఉంటే ఉన్నాయనే చెప్పండి. అవి ఉన్నా తీసుకునే యూనివర్సిటీలు ఉన్నాయి.

ఇక ఫండ్స్. ఎక్కువమంది జారిపడే మెట్టు ఇదే. వీసాకి మొదటి ఏడాది ఫీజులో ఇంకా కట్టాల్సిన మొత్తం, దానికి తోడు తొమ్మిది నెలల బతుకు ఖర్చు చూపించాలి. 2025 నవంబరు నుంచి ఆ ఖర్చు లండన్‌లో అయితే నెలకు 1,529 పౌండ్లు, బయట అయితే 1,171. తొమ్మిది నెలలకు లండన్ 13,761, బయట 10,539. ఈ అంకెలు మారుతుంటాయి, అప్లై చేసే వారం బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లో మళ్లీ చూడండి. ఆ డబ్బు వరుసగా 28 రోజులు ఖాతాలో ఉండాలి. ఆ 28 రోజులు ముగిసిన తేదీకీ మీరు వీసాకి అప్లై చేసే తేదీకీ మధ్య 31 రోజులకు మించి ఉండకూడదు.

28 రోజులంటే 28 రోజులూ. మా పెద్దమ్మ మనవడి విషయంలో పైసాతో సహా లెక్కగట్టి వాళ్ల నాన్న ఖాతాలో వేశారు. పదిహేడో రోజున బైక్ ఈఎంఐ మూడు వేల చిల్లర ఆటో డెబిట్‌లో పోయింది. అదృష్టం కొద్దీ అప్లై చేయకముందే స్టేట్‌మెంట్‌లో నేను చూశాను. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క మొదలు. ఈలోగా సెప్టెంబరు చేజారింది, జనవరి ఇంటేక్‌కి వెళ్లాడు. ఈఎంఐలు, సిప్‌లు, చిట్టీ వాయిదాలు కట్ అయ్యే ఖాతాలో ఈ డబ్బు పెట్టకండి. రూపాయి విలువ అప్లై చేసిన రోజు రేటుతో లెక్కేస్తారు కాబట్టి ఒకటి రెండు లక్షలు ఎక్కువే ఉంచండి.

ఖాతా మీదో, మీ అమ్మానాన్నలదో అయి ఉండాలి. మేనమామ ఖాతాలో కోటి ఉన్నా లెక్కలోకి రాదు. పొలం, బంగారం వాల్యుయేషన్ కాగితాలు కూడా పనికిరావు. ఎడ్యుకేషన్ లోన్ అయితే బ్యాంకు లెటర్ తేదీ ఆరు నెలలు దాటకూడదు. వడ్డీకి 28 రోజులు డబ్బు తిప్పి "ఫండ్స్ చూపిస్తాం" అనేవాళ్ల జోలికి వెళ్లకండి. ఇంటర్వ్యూలో "ఈ డబ్బు ఎక్కడిది?" అని అడిగితే చెప్పడానికి మీ దగ్గర నిజమైన జవాబు ఉండదు.

నాన్న ఖాతా చూపిస్తే మీరు ఆయన సంతానమని నిరూపించాలి. దానికి బర్త్ సర్టిఫికెట్, ఆయన అంగీకార పత్రం కావాలి. మనవాళ్ల పేర్ల తిరకాసు ఇక్కడే బయటపడుతుంది. బర్త్ సర్టిఫికెట్‌లో "కె. వెంకటేశ్వర్లు", ఆధార్‌లో ఇంటిపేరుతో సహా "వెంకటేశ్వరరావు", బ్యాంకులో "వెంకటేశ్వరరావు కె". మీ టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగానూ, పాస్‌పోర్టులో పూర్తిగానూ ఉంటుంది. ఇవన్నీ ఒక టేబుల్ మీద పక్కపక్కన పెట్టి ఆర్నెల్ల ముందే సరిచూసుకోండి. దిద్దుబాటుకు పంచాయతీ ఆఫీసు, మీసేవ చుట్టూ తిరగాలంటే టైం పడుతుంది. సర్టిఫికెట్ తెలుగులోనే ఉంటే సర్టిఫైడ్ ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

వీసాకు కావాల్సిన క్యాస్ నంబర్ (మిమ్మల్ని చదువుకు తీసుకున్నామని యూనివర్సిటీ ఇచ్చే నిర్ధారణ) ఇచ్చేముందు చాలా యూనివర్సిటీలు వీడియో ఇంటర్వ్యూ చేస్తాయి. వాళ్ల భయం వాళ్లది. తాము స్పాన్సర్ చేసినవాళ్లలో వీసా తిరస్కరణలు పెరిగితే లైసెన్స్‌కే ముప్పు. ఇన్నాళ్లూ పది శాతం ఉన్న హద్దును ఐదుకు బిగిస్తామని 2025లో ప్రభుత్వం చెప్పింది. కోర్సులో ఏ మాడ్యూల్స్ (సబ్జెక్టులు) ఉన్నాయి, ఈ యూనివర్సిటీనే ఎందుకు అని అడిగితే కన్సల్టెన్సీ ఇచ్చిన పేరా బట్టీపట్టి చదవకండి. మాడ్యూల్ పేజీ తెరిచి రెండు మూడింటి గురించి నిజంగా చదవండి. డిపాజిట్ కట్టేముందు రీఫండ్ నిబంధనలు కూడా చదవండి. వీసా రాకపోతే ఎంత తిరిగొస్తుందో అందులో ఉంటుంది.

వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 524 పౌండ్లు అయింది, ఇప్పుడెంతో సైట్‌లో చూడండి. హెల్త్ సర్‌చార్జి ఏడాదికి 776. ఏడాది మాస్టర్స్‌కి సాధారణంగా ఏడాదిన్నరకు లెక్కేసి 1,164 తీసుకుంటారు. టీబీ పరీక్ష బ్రిటన్ ఆమోదించిన క్లినిక్‌లోనే చేయించుకోవాలి, పక్కవీధి డయాగ్నస్టిక్ సెంటర్ రిపోర్టు చెల్లదు.

అక్కడికెళ్లాక పార్ట్‌టైం చేసి అప్పు తీర్చేద్దామని లెక్కలు వేసుకున్నవాళ్లు ఇది చదవండి. టర్మ్‌లో, అంటే చదువు నడిచే నెలల్లో, వారానికి 20 గంటలే పని చేయొచ్చు. మాస్టర్స్ వాళ్లకు వేసవిలో డిసర్టేషన్ (పరిశోధన వ్యాసం) ఉంటుంది కాబట్టి అదీ టర్మ్ కిందే వస్తుంది. బీఎస్సీ చదివే స్నేహితుడు జులైలో 40 గంటలు చేస్తున్నాడని మీరూ చేస్తే నిబంధన మీరినట్టే. స్టూడెంట్ వీసా మీద స్వయం ఉపాధి కుదరదు. ఇంకొకరి ఫుడ్ డెలివరీ ఖాతా అద్దెకు తీసుకుని సైకిల్ మీద తిరగడం అంతకన్నా ప్రమాదం. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్‌ మీద భార్యనో భర్తనో తీసుకెళ్లడం కుదరదు. చదువయ్యాక ఉండే గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు ఉండేది, 2027 జనవరి 1 నుంచి అప్లై చేసేవాళ్లకు ఏడాదిన్నరే. పెళ్లి సంబంధాలవాళ్లకూ లోన్ ఇచ్చేవాళ్లకూ ఈ రెండు మాటలూ ముందే చెప్పేయండి.

రూమ్ విషయం. లండన్‌లో మనవాళ్లు ఎక్కువగా ఈస్ట్‌హామ్ వైపు చేరతారు. గ్రూపుల్లో ఫొటోలు చూసి ఇక్కడినుంచే అడ్వాన్స్ పంపకండి. మొదటి పది పదిహేను రోజులకు తెలిసినవాళ్ల ఇల్లో, యూనివర్సిటీ వసతో చూసుకుని, కళ్లతో చూశాకే డబ్బివ్వండి. ఇంగ్లండ్‌లో మామూలు అద్దె ఇళ్లకు డిపాజిట్ ఐదు వారాల అద్దెకు మించి అడగకూడదు. తీసుకున్నాక 30 రోజుల్లో ప్రభుత్వం ఆమోదించిన డిపాజిట్ స్కీమ్‌లో పెట్టాలి. ఏ స్కీమ్‌లో పెడతారో ఓనర్‌ని మెసేజ్‌లో అడగండి, జవాబు ఫోన్‌లో దాచుకోండి.