లాక్‌డౌన్‌లో క్విజ్ గ్రూపు చెదిరిపోకుండా నడపడం ఎలా?

మాది విజయవాడ. ఒక ట్యూషన్ సెంటర్ మేడ మీద ప్రతి ఆదివారం పొద్దున పాతికమంది దాకా చేరి క్విజ్ ఆడుకునేవాళ్లం, ఇంటర్ పిల్లల దగ్గర్నుంచి రిటైరైన బ్యాంకు ఉద్యోగుల దాకా. 2020 మార్చి 22 జనతా కర్ఫ్యూ కూడా ఆదివారమే పడింది, సరేలే ఒక్క వారమే కదా అని వాయిదా వేశాం, తర్వాత 25 నుంచి 21 రోజులన్నారు, ఆ తర్వాత సంగతి మీకు తెలిసిందే. మూడు వారాలు గ్రూపులో గుడ్ మార్నింగ్ పువ్వులు, కషాయం ఫార్వర్డులు తప్ప ఒక్క క్వశ్చన్ పడలేదు. అప్పుడు కిందా మీదా పడి నేర్చుకున్నవే ఇక్కడ రాస్తున్నా. 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి మళ్లీ కొన్ని వారాలు కలవలేకపోయినప్పుడు కూడా ఇవే పనికొచ్చాయి, కాబట్టి కరోనా కథ కదా అని వదిలేయకండి.

1. ముందు అందరికీ ఫోన్ చేయండి

మెసేజ్ కాదు, ఫోన్. లిస్టు రాసుకుని ఇద్దరు ముగ్గురు పంచుకుంటే ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. మూడు విషయాలు అడగండి: ఏ ఫోన్ ఉంది, డేటా ఎంత ఉంది, ఇంట్లో ఏ టైముకి ప్రశాంతంగా ఉంటుంది. మా వాళ్లలో ఇద్దరికి స్మార్ట్ ఫోనే లేదు, ఇంకో బాబాయ్ గారికి ఉంది గానీ అది మనవరాలి ఆన్‌లైన్ క్లాసులకి పోయింది, చాలామందికి రోజుకి ఒకటిన్నర జీబీ ప్యాకు, దాంట్లోనే ఇల్లంతా. ఇవేమీ తెలుసుకోకుండా వీడియో మీటింగ్ లింకు పడేస్తే వచ్చేది ఏ పది మందో, మిగతావాళ్లు మొహమాటానికి చెప్పరు, మెల్లగా జారిపోతారు.

2. రోజు, టైము మార్చకండి

ఇప్పుడందరూ ఇంట్లోనే కదా ఎప్పుడైనా పెట్టుకోవచ్చు అనిపిస్తుంది, ఆ మాట నమ్మి మేం రెండు వారాలు పోగొట్టుకున్నాం. హైదరాబాద్‌లో కె-సర్కిల్ అనే క్విజ్ క్లబ్బు 1972లో మొదలైంది, అలాంటి క్లబ్బులు అన్నేళ్లు నిలబడ్డాయంటే క్రమం తప్పకుండా కలిసే అలవాటు వల్లేనని నా నమ్మకం. మేం ఆదివారం పొద్దున ఎనిమిదికి ఖాయం చేశాం. దానివల్ల అనుకోని లాభం ఒకటి దొరికింది, డల్లాస్ వెళ్లిపోయిన మా పాత మెంబర్‌కి అప్పుడు శనివారం రాత్రి తొమ్మిదిన్నర, అయిదేళ్ల తర్వాత మళ్లీ మాతో ఆడాడు. నవంబర్లో వాళ్ల గడియారం గంట వెనక్కి జరుగుతుంది, అది ముందే చెప్పుకోకపోతే పాపం మనిషి క్విజ్ అయిపోయాక వస్తాడు.

3. యాప్ గోల ఒక్క వారంలో తేల్చేయండి

ఏదైనా పర్లేదు. అందరికీ అలవాటైనదే మంచిది, కొత్తగా వచ్చిందని వారానికొకటి మారిస్తే పెద్దవాళ్లు విసిగిపోతారు. మేం వాడినదాంట్లో ఫ్రీ అకౌంటుకి 40 నిమిషాలే, టైము చూసుకోకుండా ఆఖరి ప్రశ్న మధ్యలో అందరం బయటపడ్డాం, అది మా తప్పే. ఆ తర్వాత 35 నిమిషాలకి టీ బ్రేక్ పెట్టాం, టీ తాగి రెండో లింకులోకి రావడమే. క్విజ్ మాస్టర్ తప్ప అందరూ వీడియో ఆపేస్తే డేటా మిగులుతుంది. మైకు మ్యూట్‌లో పెట్టమని ప్రతిసారీ చెప్పాలి, ఆదివారం పొద్దున ఆంధ్రా ఇళ్లల్లో కుక్కర్ విజిల్స్ ఎన్నో మీకు నేను చెప్పక్కర్లేదు.

4. బజర్ తీసేసి పౌన్స్ పెట్టండి

ఆన్‌లైన్లో బజర్ రౌండ్ అంటే నెట్ ఎవరిది స్పీడో చూసే పోటీ, గొడవలు తప్ప ఏం లేదు. పౌన్స్ అయితే హాయి. ప్రశ్న ఒక టీమ్‌కి డైరెక్ట్‌గా వెళ్తుంది, మిగతా టీముల్లో తెలుసు అనుకున్నవాళ్లు 30 సెకన్లలో ఆన్సర్ రాసి పంపిస్తారు, కరెక్టయితే 10, తప్పయితే మైనస్ 5. ఆ టైము అయ్యాక డైరెక్ట్ టీమ్ చెప్తుంది, వాళ్లకి రాకపోతే పౌన్స్ చేయని టీములకి వరసగా బౌన్స్ అవుతుంది, దీనికి మైనస్ లేదు. నెక్స్ట్ ప్రశ్న, ఆన్సర్ చెప్పిన టీమ్ పక్కవాళ్ల నుంచి మొదలు.

పౌన్సులు మీటింగ్ చాట్‌లో వద్దు. మా కుర్రాడొకడు క్విజ్ మాస్టర్‌కి ఒక్కడికే పంపాననుకుని అందరికీ పంపేశాడు, ఆరు టీములకి ఒకేసారి జ్ఞానోదయం అయింది. స్కోరర్ వాట్సాప్ నంబరుకి పంపించండి, టీమ్ లోపల మాట్లాడుకోడానికి టీముకో చిన్న గ్రూపు పెట్టుకోండి, టీముకి నలుగురు చాలు. స్కోరర్, క్విజ్ మాస్టర్ ఒకే మనిషైతే మాత్రం పిచ్చెక్కిపోతుంది, ఇద్దరు ఉండాల్సిందే.

5. గూగుల్ చేసే టైములోపు ఆలోచించి చెప్పగలిగే ప్రశ్నలు రాయండి

అందరూ అడిగేది ఇదే, ఇంట్లో కూర్చుని చూసి చెప్తే ఎలా అని. కెమెరా ఆన్ పెట్టించడం, కళ్లు ఎటు తిరుగుతున్నాయో గమనించడం లాంటి పోలీసు పనులు మేమూ చేశాం, రెండు వారాలకి అందరికీ విసుగొచ్చింది. ఒకావిడైతే ఇది క్విజ్జా ఎంసెట్టా అని అడిగేసింది. అసలు మందు ప్రశ్న రాయడంలోనే ఉంది.

ఒక ఉదాహరణ చూడండి. "1902లో వైద్యంలో నోబెల్ ఎవరికొచ్చింది?" ఇది చచ్చిన ప్రశ్న. తెలిస్తే తెలుసు, లేకపోతే లేదు, టైప్ చేస్తే మూడు సెకన్లు. అదే విషయాన్ని ఇలా అడిగాం:

"1897, సికింద్రాబాద్. ఒక డాక్టర్ హుసేన్ ఖాన్ అనే పేషెంటుకి ఒక్కోదానికి ఒక అణా లెక్కన డబ్బులిచ్చాడు. దేనికి ఒక అణా?"

ఊళ్లో పుట్టి పెరిగినవాడికి కూడా ఠక్కున రాదు. కానీ 1897, సికింద్రాబాద్, డాక్టర్, పేషెంటే డబ్బులు తీసుకోవడం, ఈ నాలుగూ పక్కపక్కన పెట్టుకుంటే మెల్లగా వెలుగుతుంది: దోమ కుట్టినందుకు. దోమకో అణా. ఆ డాక్టర్ రోనాల్డ్ రాస్, ఆ ఆగస్టు 20నే దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు, అందుకే ఆ రోజు ప్రపంచ దోమల దినం. ఇలాంటిదాన్నే మా వాళ్లు వర్కబుల్ అంటారు, అంటే తెలియకపోయినా బుర్రపెట్టి లాగొచ్చు. ఏం టైప్ చేయాలో ఆలోచించేలోపే పౌన్స్ టైము అయిపోతుంది, అయినా ఎవడైనా కొడితే కొట్టనివ్వండి, వాడికి ఆ మజా పోయింది అంతే.

రాసేటప్పుడు ఒక్క విషయంలో మాత్రం కచ్చితంగా ఉండండి, ప్రతి ప్రశ్నకీ రెండు చోట్ల చూసి నిర్ధారించుకోవాలి. వాట్సాప్‌లో వచ్చింది ఒక చోటు కింద లెక్క కాదు, పది గ్రూపుల్లో వచ్చినా సరే.

6. క్విజ్ మాస్టర్ కుర్చీ తిప్పండి

ఎప్పుడూ అడిగేవాళ్లే అడిగితే మిగతావాళ్లు నేర్చుకునేది తక్కువ. వారానికొకరు, పెద్దా చిన్నా లేదు, మొత్తం క్విజ్ భయమనిపిస్తే ఒక రౌండు, పది ప్రశ్నలు. ఇరవై ప్రశ్నలు రాయాలంటే రెండొందల విషయాలు చదవాల్సి వస్తుంది, అసలు చదువు అక్కడే జరుగుతుంది. కొత్తవాళ్ల ప్రశ్నలు గురువారం రాత్రికల్లా ఇంకొకరు చూసిపెట్టాలి, మరీ సిట్టర్లైతే, అంటే అందరికీ తెలిసిన సులువైనవైతే, పక్కన పెట్టించి, మూడు లైన్లది రెండు లైన్లు చేయించి.

స్క్రీన్ షేర్ చేసేముందు ఫుల్ స్క్రీన్ పెట్టారో లేదో చూసుకోండి. మా ఇంటర్ అమ్మాయి మొదటిసారి చేసినప్పుడు పీపీటీ ఎడమ పక్క చిన్న చిన్న స్లైడులన్నీ కనిపిస్తూనే ఉన్నాయి, ఆన్సర్లతో సహా. మూడు ప్రశ్నలు అందరూ కరెక్ట్ చెప్పేసరికి "ఏంటంకుల్, అన్నీ ఈజీగా ఇచ్చేశానా?" అంది, ఎవ్వరూ నోరు విప్పలేదు, నాలుగోదానికి బాబాయ్ గారే "అమ్మా, ఎడం పక్కన కొంచెం మూసెయ్యి" అన్నారు.

7. ఆన్సర్ చెప్పాక వెంటనే ముందుకెళ్లకండి

హాల్లో ఆడినప్పుడు నిజంగా గుర్తుండేవి మధ్యలో వచ్చే మాటలు, క్విజ్ అయ్యాక మెట్ల మీద టీ దగ్గర నడిచే వాదన. ఆన్‌లైన్లో అది దానంతట అది జరగదు, మనమే చోటు పెట్టాలి. మేం ప్రశ్నలు ముప్పై నుంచి పద్దెనిమిదికి తగ్గించాం, మొదట్లో నస పెట్టారు, తర్వాత ఎవరూ పెంచమనలేదు.

ఒకసారి కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మల మీద కనెక్ట్ ప్రశ్న పడింది, అంటే కొన్ని విషయాలిచ్చి వాటిని కలిపేదేంటో చెప్పమనేది. ఆన్సర్ అయిపోయింది, పాయింట్లు ఇచ్చేశాం, అప్పుడు ఒకాయన కొండపల్లిది తెల్ల పొణికి కర్ర, తేలిగ్గా ఉంటుంది అన్నారు. వైజాగ్ నుంచి ఆడుతున్న అమ్మాయి ఏటికొప్పాకది అంకుడు కర్ర, లేత్ మీద తిప్పుతూ లక్క అద్దుతారు అంది. మరి కొండపల్లిలో ఎడ్లబండి ముక్కలు ఎలా అతుకుతారు అంటే చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అని ఇంకొకరు. పావుగంట. ఆ రోజు ఎవరు గెలిచారో నాకు గుర్తులేదు.

ఈ మాటల్ని ఫండాలు అంటాం, వాటిని ఒకరు రాసి సోమవారం గ్రూపులో పెట్టాలి, పెద్ద వ్యాసం అక్కర్లేదు, అయిదారు లైన్లు.

8. నెట్ లేనివాళ్లని వదలకండి

వీళ్లలో ఒక్కొక్కరిని ఒక్కో టీమ్‌కి ఇచ్చేయండి. టీమ్‌లో ఎవరో ఒకరు రెండో ఫోన్ నుంచి కాల్ చేసి స్పీకర్ పక్కన పెడితే ప్రశ్న వినిపిస్తుంది. బొమ్మ ప్రశ్నలు వాళ్లకి కుదరవు కదా, అందుకని సగమైనా చదివి వినిపించేవి ఉండేలా చూసుకోండి.

9. ఆపాల్సినప్పుడు ఆపేయండి

2021 ఏప్రిల్, మేలో మేం క్విజ్ పెట్టలేదు. గ్రూపంతా ఆక్సిజన్, బెడ్లు, ప్లాస్మా మెసేజులే, సగం ఇళ్లల్లో ఎవరో ఒకరు పడుకుని ఉన్నారు. ఆదివారం ఎనిమిదికి మాత్రం లింకు తెరిచి ఉంచాం, వచ్చినవాళ్లు కాసేపు మాట్లాడుకుని వెళ్లేవాళ్లు, ఒక్కోసారి ఇద్దరమే. ఎవరూ రాని వారం కూడా ఉంది. జూన్ ఆఖర్లో ఒకాయన "ఓ ప్రశ్న అడగనా?" అని తనే మొదలుపెట్టాడు, వారం తర్వాత మళ్లీ పద్దెనిమిది ప్రశ్నలు.

ఇప్పుడు మేడ మీదే కలుస్తున్నాం. డల్లాస్ మెంబర్ కోసం ఒక కుర్చీ మీద ఫోన్ నిలబెడతాం, వెనక చెంబు ఆనించి.