ఎత్తు తక్కువగా ఉన్న స్త్రీలు ఆఫీసు సూటును ఎంచుకోవడం ఎలా

రెడీమేడ్ సూటు వదులుగా వేలాడుతున్నట్టు అనిపించగానే, ఎత్తు తక్కువగా ఉన్న స్త్రీలు చాలామంది ఇంకొక సైజు తగ్గించి చూస్తారు. అప్పుడు ఛాతీ దగ్గర బిగుసుకుని గుండీ లాగుతుందే తప్ప, చేతుల పొడవు వేళ్ల మీదికి రావడం మానదు. సైజు అంకె ప్రధానంగా ఛాతీ, నడుము, తుంటి చుట్టుకొలతలను బట్టి ఉంటుంది. నిలువు కొలతలకు దానిలో చోటు తక్కువ. మామూలు సైజుల నమూనాలను సుమారు 5 అడుగుల 5 అంగుళాలు, లేదా అంతకు కాస్త ఎక్కువ ఎత్తున్న శరీరాన్ని దృష్టిలో పెట్టుకుని గీస్తారు కాబట్టి, కోటు నడుము ఎక్కడ నొక్కుకోవాలో, జేబు ఎక్కడ మొదలవ్వాలో, ప్యాంటులో మోకాలు ఎక్కడికి రావాలో ఆ ఎత్తే నిర్ణయిస్తుంది. 5 అడుగుల మనిషి అదే కోటు తొడుక్కుంటే, నడుము కోసం చేసిన నొక్కు తుంటి మీద కూర్చుని, అసలు నడుము దగ్గర గుడ్డ ముడతలు పడుతుంది. అందువల్ల మన దృష్టి ఎత్తుగా కనిపించే ఉపాయాల మీద కన్నా, కోటులోని ప్రతి మలుపూ శరీరంలోని సరైన చోట పడుతుందా లేదా అన్నదాని మీద ఉండాలి. అది కుదిరితే మిగతావి చాలావరకు వాటంతటవే కుదురుతాయి.

దుస్తుల పరిశ్రమలో పెటీట్ సైజులు అని ప్రత్యేకంగా కుట్టేవి సాధారణంగా 5 అడుగుల 4 అంగుళాల లోపు ఎత్తున్నవారి కోసం ఉద్దేశించినవి. వీటికి బరువుతో సంబంధం లేదు. ఎత్తు తక్కువై ఒళ్లు నిండుగా ఉన్నవారికి కూడా ఇవే వర్తిస్తాయి. అమెరికాలో హన్నా ట్రాయ్ అనే డిజైనర్ 1940ల దశకంలో ఈ సైజులకు ప్రాచుర్యం తెచ్చారు. ఇలాంటి కోటులో భుజాల వెడల్పు, చంక లోతు, వీపు పొడవు, జేబుల స్థానం అన్నీ కలిసి తగ్గుతాయి. మామూలు కోటును కింద కత్తిరించి పొట్టి చేస్తే ఈ ఫలితం రాదు. కాబట్టి వెతుకులాట ఈ విభాగంతోనే మొదలుపెట్టడం మంచిది. అయితే నడుము పైభాగం పొట్టిగా, కాళ్లు కొంచెం పొడవుగా ఉన్నవారికి పెటీట్ కోటు, మామూలు ప్యాంటు సరిపోవచ్చు. అటువంటివారు రెండింటినీ విడివిడిగా అమ్మే చోట, ఒకే గుడ్డతో కుట్టినవి, ఒకేసారి కొనాలి. అద్దకం విడత మారితే నలుపులో కూడా ఛాయ తేడా వస్తుంది, పగటి వెలుగులో అది తెలిసిపోతుంది. పిల్లల విభాగంలో కొనమని కొందరు సలహా ఇస్తుంటారు గాని, అబ్బాయిల కోటులో ఛాతీకి గాని, తుంటికి గాని చోటు ఉండదు. పొడవు సరిపోయినంత మాత్రాన అది ఆఫీసుకు పనికివచ్చే దుస్తు అవుతుందని నేను అనుకోను.

కొనబోయే ముందు నాలుగు నిలువు కొలతలు రాసి పెట్టుకోవాలి. తల వంచినప్పుడు మెడ వెనక పొడుచుకువచ్చే ఎముక నుంచి నడుము వరకు వీపు పొడవు మొదటిది. నడుము ఎక్కడుందో తెలియకపోతే, ఒక సన్నటి ఎలాస్టిక్‌ను పొట్ట చుట్టూ కట్టుకుని రెండు పక్కలకూ వంగి లేస్తే, అది జరిగి జరిగి ఆగే చోటే నడుము. రెండవది, చేయి కొద్దిగా వంచి భుజం ఎముక నుంచి మణికట్టు ఎముక దాకా తీసే కొలత. మూడవదాన్ని ఎక్కువమంది మరచిపోతారు: గట్టి కుర్చీలో నిటారుగా కూర్చుని పక్కన నడుము దగ్గరి నుంచి కుర్చీ పలక వరకు టేపు పెడితే, ప్యాంటు పైభాగం ఎంత లోతు ఉండాలో తెలుస్తుంది. నాలుగవది తొడల సందు నుంచి నేల దాకా తీసే కొలత. దాన్ని ఆఫీసుకు వేసుకునే చెప్పులతోనే తీయాలి. తోడు ఎవరైనా టేపు పట్టుకుంటే మేలు, ఎందుకంటే మనమే వంగి చూసుకుంటే కొలత మారిపోతుంది.

కోటు విషయంలో అన్నిటికన్నా ముందు చూడవలసింది భుజం. చేతిని, భుజాన్ని కలిపే కుట్టు సరిగ్గా భుజం ఎముక చివర పడాలి. దీన్ని పరీక్షించడానికి ఒక తేలికైన పద్ధతి ఉంది: కోటు తొడుక్కుని గోడకు పక్కగా నిలబడి నెమ్మదిగా గోడ వైపు ఒరగాలి. మీ చేయి తగలకముందే కోటు భుజంలోని మెత్త గోడకు తగిలి నొక్కుకుపోతే ఆ కోటు మీకు వెడల్పు ఎక్కువ. భుజాన్ని తగ్గించాలంటే దర్జీ చేతిని పూర్తిగా విప్పి, మెత్త తీసి, చంకను మళ్లీ కోసి కుట్టాలి. ఖర్చు ఎక్కువ, ఫలితం అనుమానం. అందుకే భుజం కుదరని కోటును, గుడ్డ ఎంత బాగున్నా, అక్కడే వదిలేయడం ఉత్తమం.

భుజం తర్వాత చంక. చంక కిందికి జారి ఉంటే కోటు వదులుగా, సౌకర్యంగా ఉంటుందని అనుకుంటాం గాని, జరిగేది దానికి విరుద్ధం. చంక కుట్టు కిందికి ఉన్నకొద్దీ చేయి ఎత్తినప్పుడు కోటు మొత్తం దానితోపాటు పైకి లేస్తుంది. బోర్డు మీద రాయడానికి చేయి ఎత్తినట్టు అద్దం ముందు ఒకసారి ఎత్తి చూస్తే కోటు అంచు ఎంత లేచిందో కనిపిస్తుంది. చంక శరీరానికి దగ్గరగా, గుచ్చుకోకుండా ఉంటే చేయి కదిలినా కోటు నడుము కదలకుండా నిలుస్తుంది. మామూలు సైజు కోట్లు ఎత్తు తక్కువవారికి అరువు తెచ్చుకున్నట్టు కనిపించడానికి ముఖ్య కారణం ఈ చంక లోతే అని నా అభిప్రాయం.

ఒక గుండీ కోటయితే ఆ గుండీ, రెండు గుండీల కోటయితే పైది, మీ నడుము దగ్గర గాని అంతకు ఒక అంగుళం పైన గాని పడాలి. అంతకన్నా కిందికి పడితే పైభాగం సాగినట్టు, కాళ్లు కురచగా కనిపిస్తాయి. కాజాలు ఒకసారి కోసిన తర్వాత వాటిని జరపడానికి వీలుండదు కనుక ఇది కూడా కొనేటప్పుడే చూసుకోవలసిన సంగతి. గుండీ పెట్టినప్పుడు అక్కడి నుంచి నాలుగు వైపులా గీతల్లా ముడతలు సాగితే బిగుతు ఎక్కువైనట్టు. కోటుకీ పొట్టకీ మధ్య అరచేయి సులువుగా దూరితే సరిపోయినట్టు. రెండు వరుసల గుండీల కోటు ఎత్తు తక్కువవారికి అసలే పనికిరాదని చెప్పలేం. కాని రెండు వరుసలూ ఒకదానికొకటి దగ్గరగా ఉండి, కోటు పొట్టిగా ఉంటేనే అది నిండుగా కనిపిస్తుంది, లేకపోతే ఛాతీ అంతా పలకలా అవుతుంది.

లాపెల్ (కోటు ముందు మెడ నుంచి గుండీ దాకా వెనక్కి మడిచి ఉండే పట్టీ) వెడల్పు మీ భుజానికి తగినట్టు, సుమారు రెండున్నర నుంచి మూడు అంగుళాల లోపు ఉంటే బాగుంటుంది. మరీ సన్నగా ఉంటే ముఖం పెద్దదిగా తోస్తుంది, మరీ వెడల్పయితే ఛాతీని మింగేస్తుంది. మొనలు పైకి తిరిగిన లాపెల్ చూపును భుజాల వైపు లాగుతుంది కనుక ఎత్తు తక్కువవారికి అది అనుకూలం. అసలు లాపెల్, కాలర్ లేని పొట్టి కోటు కూడా మంచి ఎంపికే. 1954లో తిరిగి ఫ్యాషన్ రంగంలోకి వచ్చిన కోకో షనెల్ ప్రచారంలోకి తెచ్చిన కోటు ఈ తరహాదే. పొట్టి కోటు అంచు గాలికి లేచినట్టు విడిపోకుండా, ఆ కోటు లోపల అంచు పొడవునా సన్నటి గొలుసు కుట్టి బరువు కల్పించేవారు. గొలుసు లేకపోయినా, మీరు చూస్తున్న పొట్టి కోటు అంచు బరువుగా, నిటారుగా వేలాడుతుందో లేదో గమనించాలి.

కోటు పొడవు తుంటి ఎముక దగ్గర గాని, దానికి రెండు మూడు అంగుళాల కింద గాని ముగియడం మేలు. తుంటి అత్యంత వెడల్పుగా ఉన్న చోట సరిగ్గా అంచు పడితే చూపు అక్కడే ఆగుతుంది. తొడల దాకా దిగే పొడవు కోటు మొత్తం ఎత్తును సగానికి కోసినట్టు చేస్తుంది. దాన్ని తప్పనిసరిగా వేసుకోవాలంటే కింద సన్నటి ప్యాంటు ఉండాలి. కోటు చేతులు మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. జేబులకు పైన పెద్ద మూతలు, ఛాతీ మీద అదనపు జేబులు లేకపోతే మంచిది. ఉన్న జేబుల కచ్చా కుట్టు విప్పకుండా ఉంచేస్తే అవి ఉబ్బకుండా చదునుగా ఉంటాయి.

ప్యాంటు నడుము పట్టీ అసలు నడుము దగ్గర గాని, బొడ్డుకు కాస్త కింద గాని ఉంటే కాళ్లు పొడవుగా కనిపిస్తాయి. కాని ఎత్తయిన నడుము అని రాసి ఉన్న మామూలు సైజు ప్యాంటు ఎత్తు తక్కువవారికి పక్కటెముకల దాకా ఎక్కవచ్చు. కూర్చుని తీసిన ఆ మూడవ కొలత ఇక్కడ అక్కరకు వస్తుంది. తిన్నగా జారే కాలు, ముందు పదునైన ఇస్త్రీ మడత ఉన్న ప్యాంటు నమ్మదగినది. వెడల్పు కాలు కూడా బాగుంటుంది, అయితే అంచు మడమ దగ్గర నేలకు అర అంగుళం పైదాకా దిగాలి. చీలమండ కనిపించే పొడవు అనుకుంటే కాలు అతి సన్నగా ఉండే చోట, అంటే చీలమండ ఎముకకు కాస్త పైన ఆగాలి. పిక్క మధ్యలో ఆగే ప్యాంటు, అంచు బయటికి మడిచిన ప్యాంటు రెండూ కాలిని అడ్డంగా కోస్తాయి. మోకాలి దగ్గర సన్నబడి కింద వెడల్పయ్యే ప్యాంటును కేవలం కింద కత్తిరించి పొట్టి చేయిస్తే ఆ వంపు పిక్క మీదికి దిగి, ఆకారం చెడుతుంది; అలాంటిది పెటీట్ కొలతలోనే దొరికితే తీసుకోవాలి. స్కర్టు అయితే మోకాలి దగ్గర ముగియడం క్షేమం.

రంగు గురించి చెప్పవలసింది కొంతే. కోటు, ప్యాంటు ఒకే రంగులో ఉంటే చూపు మధ్యలో ఆగకుండా పైనుంచి కిందికి సాగుతుంది. లోపలి జాకెట్టు గాని, షర్టు గాని ఏ రంగుదైనా ఫరవాలేదు. ప్యాంటు రంగుకు దగ్గరగా ఉన్న బూట్లు కూడా ఆ గీతను కొనసాగిస్తాయి. ఇక నిలువు చారలు ఎత్తుగా చూపిస్తాయన్న మాట అందరూ చెప్పేదే గాని, అది అంత నిక్కచ్చి కాదు. అడ్డగీతలతో నింపిన చతురస్రం నిలువు గీతల చతురస్రం కన్నా పొడవుగా కనిపిస్తుందని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1867లోనే చూపించాడు. బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో ఆ భ్రమను దుస్తులకు వర్తింపజేసి, అడ్డచారలు మనిషిని లావుగా చూపవని తేల్చారు. కాబట్టి చారల దిశ కన్నా వాటి పరిమాణం పట్టించుకోవడం ఉపయోగకరం: సన్నగా, దగ్గరదగ్గరగా ఉన్న గీతలు, చిన్న గళ్లు చిన్న శరీరం మీద కుదురుగా ఉంటాయి. పెద్ద గళ్లయితే కోటు ముందు భాగం మీద రెండు మూడు గళ్లే పట్టి, కుట్ల దగ్గర తెగిపోయినట్టు కనిపిస్తాయి.

గుడ్డ సన్నగా ఉన్నా నిలబడేదిగా ఉండాలి. తక్కువ మందం ఉన్న ఉన్ని, లేదా కొద్దిపాటి సాగుడు దారం కలిపిన ఉన్ని ఈ పనికి బాగా సరిపోతుంది. గుడ్డ అంచును పిడికిట్లో ఐదారు సెకన్లు నలిపి వదిలితే, ముడతలు వెంటనే విడిపోతున్నాయో లేదో చూడవచ్చు. విడిపోకపోతే సగం రోజు కుర్చీలో కూర్చున్నాక కోటు వీపు ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు. మందపాటి ట్వీడ్, బరువైన కార్డురాయ్ వంటివి చిన్న శరీరానికి ఒక పొర ఎక్కువ చేర్చినట్టు చేస్తాయి.

ట్రయల్ రూములో ఆఫీసుకు వేసుకునే లోదుస్తులు, షర్టు, బూట్లతోనే సూటు తొడుక్కుని చూడాలి. నిలబడి అద్దంలో చూసుకుంటే సరిపోదు: కూర్చోవాలి, చేతులు ముందుకు కట్టుకోవాలి, వంగి నేల మీది బ్యాగు తీయాలి. వెనక నుంచి ఒక ఫోటో తీయించుకుంటే, మెడ కింద అడ్డంగా గుడ్డ పోగుపడిందేమో తెలుస్తుంది; పోగుపడితే వీపు పొడవు మీకు ఎక్కువ అని అర్థం, దాన్ని సరిచేయడం కష్టం.

సరిచేయడానికి వీలైనవి కూడా కొన్ని ఉన్నాయి, వాటికోసం మంచి కోటును వదులుకోనక్కరలేదు. ప్యాంటు పొడవు, నడుము వదులు, కోటు వెనక కుట్టు, పక్క కుట్లు, ముందు డాట్లు మామూలు పనులే. చేతుల పొడవును కింద తగ్గించడం తేలిక. అయితే మణికట్టు దగ్గర నిజంగా తెరుచుకునే కాజాలు ఉన్న కోటయితే గుండీల వరుస అంచుకు మరీ దగ్గరవుతుంది కనుక పైన భుజం దగ్గర విప్పి తగ్గించాలి, దానికి ఖర్చు పెరుగుతుంది. కోటు పొడవు ఒక అంగుళం వరకు తగ్గించవచ్చు గాని, అంతకు మించితే జేబులు అంచు మీదికి దిగినట్టవుతాయి. దర్జీ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ సూటుతో వేసుకునే బూట్లు తీసుకువెళ్లాలి, ప్యాంటుతోపాటు కోటును కూడా ఒకేసారి తొడుక్కుని గుర్తులు పెట్టించుకోవాలి. అంచు కత్తిరించే ముందు కచ్చా కుట్టు వేయించి ఒకసారి నడిచి చూసుకోవడం తప్పనిసరి. చివరగా, కోటు వెనక చీలికను మూసి ఉంచే ఇంటూ ఆకారపు దారాన్ని, చేతి అంచు మీద బయటికి కుట్టిన కంపెనీ చీటీని మొదటిసారి వేసుకునేలోపే చిన్న కత్తెరతో విప్పేయాలి. అవి దుకాణంలో సరుకు నలగకుండా, గుర్తుపట్టడానికి వేసినవే.