క్లయింటు విషయాలు చెప్పమని న్యాయవాదికి నోటీసు వస్తే

2025లో గుజరాత్‌లో, నిందితుడికి బెయిలు తెచ్చిన న్యాయవాదికే ఆ కేసు వివరాలు చెప్పమంటూ పోలీసు నోటీసు అందింది. అదే ఏడాది జూన్‌లో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఇద్దరు సీనియర్ న్యాయవాదులకు సమన్లు పంపి, బార్ సంఘాలు, అంటే న్యాయవాదుల సంఘాలు, తీవ్రంగా నిరసించాక వాటిని వెనక్కు తీసుకుంది. ఈ పరిణామాలపై సుప్రీంకోర్టు తనంతట తానుగా విచారణ చేపట్టి అక్టోబరు 31న తీర్పు ఇచ్చింది. అలాంటి నోటీసు చేతికి వచ్చినప్పుడు, ముఖ్యంగా జిల్లా కోర్టుల్లో పనిచేసే యువ న్యాయవాదులు, ఆ తీర్పు ఆధారంగా ఏం చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

క్లయింటు చెప్పిన మాట క్లయింటుదే. దానిని బయటపెట్టి బయటపడదామనుకునే స్వేచ్ఛ న్యాయవాదికి లేదు. సాక్ష్యాల చట్టమైన భారతీయ సాక్ష్య అధినియం 132వ సెక్షన్ ప్రకారం, వృత్తిపరంగా తెలిసిన సంగతులను క్లయింటు స్పష్టమైన సమ్మతి లేకుండా వెల్లడించకూడదు, వకాల్తా ముగిసినా ఈ బాధ్యత ముగియదు. మీ గుమాస్తాకూ, దుబాసీకీ ఇదే వర్తిస్తుంది కనుక, పోలీసులు వారిని అడిగితే ఏం చెప్పాలో ముందే చెప్పి ఉంచండి. అయితే చట్టవిరుద్ధమైన పని సాగించడానికి జరిగిన సంభాషణకూ, మీరు కేసు చేపట్టాక జరిగినట్టు మీరు గమనించిన నేరానికీ, మోసానికీ ఈ రక్షణ లేదు.

నోటీసు అందగానే స్టేషనుకు పరుగెత్తవద్దు, అలాగని దాన్ని పక్కన పడేయనూ వద్దు. అందిన తేదీ, సమయం రాసుకుని, అది ఏ సెక్షన్ కింద వచ్చిందో, మిమ్మల్ని సాక్షిగా పిలిచారో నిందితుడిగా పిలిచారో చూడండి. పైన చెప్పిన మినహాయింపుల్లో దేనిపై ఆధారపడుతున్నారో, అందుకు దారితీసిన వాస్తవాలేమిటో సమన్లలోనే స్పష్టంగా రాయాలనీ, ఎస్పీ హోదాకు తగ్గని పై అధికారి కారణాలను నమోదు చేసి లిఖితపూర్వకంగా అనుమతించాలనీ తీర్పు నిర్దేశించింది. ఇవి లేకపోతే, 132వ సెక్షన్‌నూ తీర్పునూ ఉటంకిస్తూ, వివరాలు వెల్లడించలేనని మర్యాదగా రాతపూర్వకంగా జవాబివ్వండి. ఫోనులో వివరణ ఇవ్వవద్దు, ఎందుకంటే మంచితనంతో అన్న ఒక్క మాటే క్లయింటుకు వ్యతిరేకంగా దర్యాప్తు అధికారి రాసే కేసు డైరీలోకి ఎక్కవచ్చు. నోటీసు సంగతి క్లయింటుకు ఆ రోజే తెలియజేయండి.

అన్నిటికన్నా జాగ్రత్త అవసరమైనది ఫోన్, లాప్‌టాప్ విషయంలో. కాగితాలకు 132వ సెక్షన్ రక్షణ వర్తించదని కోర్టు తేల్చింది కాబట్టి, వాటిని ఇవ్వనే ఇవ్వనని మొండికేయడం కుదరదు. కానీ వాటిని ఇవ్వాల్సింది దర్యాప్తు అధికారికి కాదు, కోర్టుకు. క్రిమినల్ కేసుల విచారణ పద్ధతిని నిర్దేశించే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 94వ సెక్షన్ కింద డిజిటల్ పరికరం కోరినా అంతే. కోర్టు ముందుగా క్లయింటుకు నోటీసు ఇచ్చి, ఆయన అభ్యంతరాలనూ మీ అభ్యంతరాలనూ వినాలి. వాటిని తోసిపుచ్చినా, మీ ఇద్దరి సమక్షంలో, మీరు ఎంచుకున్న సాంకేతిక నిపుణుడి సహాయంతోనే పరికరాన్ని తెరవాలి. అందులోని ఇతర క్లయింట్ల గోప్యతకు భంగం కలగకూడదు. ఆ రోజు ఇబ్బంది పడకుండా, ప్రతి క్లయింటు పత్రాలకూ ఇప్పుడే వేర్వేరు ఫోల్డర్లు పెట్టుకోవడం మంచిది.

సమన్లను సవాలు చేయాలంటే సంహిత 528వ సెక్షన్ కింద హైకోర్టుకు వెళ్లవచ్చు. ఆ పిటిషన్ మీరు వేయవచ్చు, క్లయింటూ వేయవచ్చు. మీ కేసును మీరే వాదించుకోకుండా మరో న్యాయవాదికి అప్పగించండి, నోటీసు ప్రతిని బార్ అసోసియేషన్‌కు ఇవ్వండి.

ఇక బార్ చేయవలసినది. విధుల బహిష్కరణకు తీర్మానం చేయడం తేలికైన దారి, కానీ హరీశ్ ఉప్పల్ కేసులో సుప్రీంకోర్టు న్యాయవాదుల సమ్మె చెల్లదని చెప్పింది. బార్ స్వతంత్రతే ప్రమాదంలో పడిన అత్యంత అరుదైన సందర్భంలో మాత్రం, ఒక్క రోజుకు మించని నిరసనను కోర్టులు చూసీచూడనట్టు వదిలేయవచ్చని, అదీ బార్ అధ్యక్షుడు ముందుగా ప్రధాన న్యాయమూర్తినో జిల్లా జడ్జినో సంప్రదించాకేనని పేర్కొంది. నల్ల బ్యాడ్జీలు, కోర్టు ఆవరణ వెలుపల శాంతియుత నిరసన ఎప్పుడైనా చేయవచ్చు. కోర్టు మెట్లెక్కకుండా మానేస్తే నష్టపోయేది ఆ రోజు బెయిలు కోసం ఎదురుచూసే ఖైదీయే గనుక, బార్ తన శక్తిని హైకోర్టు పిటిషన్‌కు అండగా నిలవడంలో పెట్టడమే సరైనదని నా గట్టి అభిప్రాయం.