బయోసెన్సర్ టీమ్ కట్టేటప్పుడు

బయోసెన్సర్ అంటే రక్తం లాంటి శాంపిల్‌లో ఒక పదార్థం ఎంతుందో ఎంజైమ్ లాంటి జీవపదార్థం సాయంతో కొలిచే పరికరం. దాన్ని తయారుచేసే టీమ్‌లో ముందు డాక్టర్‌ని మాట్లాడనివ్వండి. ఏ శాంపిల్, ఎంత తక్కువ మోతాదు పట్టుకోవాలి, ఫలితం ఎన్ని నిమిషాల్లో రావాలి: ఈ మూడూ కాగితం మీద పడేదాకా ఎలక్ట్రోడ్ (శాంపిల్‌కి తగిలి కరెంటు సిగ్నల్ ఇచ్చే భాగం) జోలికి వెళ్లొద్దు.

అసలు చిక్కు మాటల దగ్గరే. 'సెన్సిటివిటీ' అంటే ఇంజనీరుకి క్యాలిబ్రేషన్ గీత వాలు, అంటే మోతాదు పెరిగితే సిగ్నల్ ఎంత పెరుగుతుందన్నది. డాక్టర్‌కి, జబ్బున్నవాళ్లలో ఎంతమందిని టెస్ట్ పట్టుకుందన్నది. మా టీమ్‌లో ఈ ఒక్క మాట మీద రెండు వారాలు పోయాయి. అప్పటినుంచి ల్యాబ్ గోడకి అర్థాల పట్టిక అంటించి ఉంచుతున్నాను.

బఫర్‌లో (pH నిలకడగా ఉండే శుభ్రమైన ల్యాబ్ ద్రావణంలో) బాగా పనిచేసిందని ఆగిపోకండి. గ్లూకోజ్ మీద ఎంజైమ్ పనిచేసినప్పుడు పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్‌ని కొలిచే గ్లూకోజ్ ఎలక్ట్రోడ్‌ని రక్తంలో పెడితే విటమిన్ సి, యూరిక్ యాసిడ్, పారాసిటమాల్ కూడా కరెంటు ఇస్తాయి. ఎలక్ట్రోడ్ ఉన్న చిప్ మీద సీరం (రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం) చుక్క పడగానే గ్రాఫ్ పైకి లేస్తుంది, అందులో గ్లూకోజ్ వాటా ఎంతో తెలియదు. అందుకే మొదటి నెలలోనే సీరంలో పరీక్షించండి, పక్కనే ఎంజైమ్ లేని ఎలక్ట్రోడ్ కూడా పెట్టి; దాన్నుంచి వచ్చే కరెంటు గ్లూకోజ్‌ది కాదు.