బడికి వయొలిన్, ట్రంపెట్ తీసుకెళ్లే ముందు

పిల్లలకు ఆర్కెస్ట్రా వాయిద్యాలు చూపించడానికి బడికి వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి.

హెడ్ మాస్టర్ అనుమతి తీసుకోండి, పరీక్షల తేదీలు కనుక్కోండి. పక్క గదిలో యూనిట్ టెస్ట్ జరుగుతుంటే ట్రంపెట్ ఊదలేం కదా!

ఏప్రిల్‌లో మన హైదరాబాద్ ఎండకు, పార్క్ చేసిన కారులో వయొలిన్ వదిలేస్తే జిగురు మెత్తబడి అతుకులు విడిపోవచ్చు. వయొలిన్‌లాగే ఉండి దానికన్నా చాలా పెద్దదైన చెల్లోను ఆటోలో ఇరికించే సాహసం వద్దు, కారు మాట్లాడుకోండి.

అసలు టెన్షనంతా పిల్లల చేతికి ఇచ్చేటప్పుడే. పెద్దల సైజు వయొలిన్ మూడో తరగతి పిల్లాడికిస్తే, చెయ్యి అందక "నాకు రాదు" అని అక్కడే వదిలేస్తాడు. సగం సైజు, ముప్పావు సైజువి అద్దెకైనా తెచ్చుకోండి. బో (వయొలిన్ వాయించే కమాను) వెంట్రుకలను ముట్టుకోవద్దని ముందే చెప్పండి. చేతి జిడ్డు అంటితే తీగ మీద పట్టు ఉండదు. ఒకరు ఊదిన క్లారినెట్ రీడ్‌ను (నోటి దగ్గర ఉండే పలుచని పుల్లను) ఇంకొకరి నోట్లో పెట్టనివ్వకండి. ట్రంపెట్ మౌత్‌పీస్‌లు నాలుగైదు ఉంచుకుని, వాడిన ప్రతిసారీ సబ్బునీళ్లతో కడగండి. శానిటైజర్ తడి ఆరని చేత్తో వయొలిన్ పట్టుకుంటే వార్నిష్ పాడవుతుంది, అదీ చూసుకోండి.

ఉపన్యాసం వద్దు. పిల్లలకు తెలిసిన పాట రెండు నిమిషాలు వాయిస్తే చాలు. కర్ణాటక సంగీత విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు కచేరీలు చేసింది వయొలిన్‌తోనే అంటే టీచర్లు కూడా చెవులు రిక్కిస్తారు.

స్పేర్ తీగలు, ఫొటోలకు తల్లిదండ్రుల అనుమతి మరవద్దు. ఎక్కడ నేర్చుకోవాలని ఎవరో ఒకరు అడగకపోరు. కర్ణాటక వయొలిన్‌కైతే రాంకోఠిలో త్యాగరాజ ప్రభుత్వ సంగీత కళాశాల, సికింద్రాబాద్‌లో భక్త రామదాసు కళాశాల ఉన్నాయి. అడ్మిషన్ల వివరాలు కనుక్కుని చీటీ మీద రాసుకెళ్లండి.