టెక్సాస్‌లో ఇంటి విలువ ఎక్కువ వేశారా? ప్రొటెస్ట్ ఎలా చేయాలి?

ఏప్రిల్‌లో అప్రైజల్ డిస్ట్రిక్ట్ (ఆస్తి పన్ను కోసం ఇళ్ల విలువ కట్టే స్థానిక ఆఫీసు) నోటీసులు వచ్చే వేళకి ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ వైపు మన ఇళ్లలో టెన్షన్ మొదలవుతుంది. కొందరు అంకె చూసి నిట్టూర్చి ఊరుకుంటారు. కొందరు ప్రొటెస్ట్‌ని, అంటే ఆ విలువ మీద అభ్యంతరాన్ని, ఏజెంటుకి అప్పజెప్పి, తగ్గిన పన్నులో వాటా ఇచ్చేస్తారు. మామూలు ఇంటికి ఏజెంటు అక్కర్లేదని నా గట్టి నమ్మకం. మన ఇంటి లోపాలు మనకన్నా ఎవరికి బాగా తెలుసు?

ముందు గడువు చూసుకోండి. మే 15, లేదా నోటీసు పంపిన నాటి నుంచి 30 రోజులు, వీటిలో ఏది తర్వాత వస్తే అదే ఆఖరు తేదీ. ప్రొటెస్ట్ ఫారంలో కారణాలు అడిగిన చోట రెండు ఎంచుకోండి: మార్కెట్ విలువకన్నా ఎక్కువ వేశారని ఒకటి, అలాంటివే అయిన ఇతర ఇళ్లతో పోలిస్తే ఎక్కువ వేశారని రెండోది. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు, అక్కడే నష్టపోతారు. ప్రొటెస్ట్ వేస్తే ఇంకా పెంచేస్తారేమోనన్న భయం వద్దు. మీరు అడిగితే తప్ప, ప్రొటెస్టులు విని తేల్చే రివ్యూ బోర్డు ఆ విలువను పెంచడానికి చట్టం ఒప్పుకోదు.

పనిలో పనిగా హోమ్‌స్టెడ్ ఎగ్జెంప్షన్ (సొంతంగా నివసించే ఇంటికి ఇచ్చే పన్ను మినహాయింపు) ఉందో లేదో చూడండి. 2025 నుంచి స్కూల్ పన్ను లెక్కలో ఇంటి విలువలోంచి 1,40,000 డాలర్లు మినహాయిస్తున్నారు.

కొత్త ఇల్లు కొన్నవాళ్లకు ఒక మాట. విలువ కట్టేది జనవరి 1 నాటి స్థితికి. ఆ రోజుకి ఇల్లు సగమే లేచి ఉంటే ఆ ఏడాది పన్ను తక్కువ వస్తుంది, మరుసటి ఏడాది ఒక్కసారిగా పెరిగి ఎస్క్రోలో (పన్ను కోసం లోన్ కంపెనీ మీ నెలవారీ కిస్తీతో కలిపి దాచే ఖాతాలో) లోటు పడుతుంది. ఆ పెరుగుదల మీద ప్రొటెస్ట్ చేసి లాభం ఉండదు, ముందే కొంత డబ్బు పక్కన పెట్టుకోవాలి.

ఇప్పుడు అసలు పని, ఆధారాలు. టెక్సాస్‌లో ఇంటి అమ్మకం ధర బయటపెట్టాలన్న నియమం లేదు, కాబట్టి చుట్టుపక్కల అమ్మకాల వివరాలు తెలిసిన రియల్టర్‌ని అడగండి. అప్రైజల్ డిస్ట్రిక్ట్ తన వైపు నుంచి హియరింగ్‌లో (బోర్డు విచారణలో) వాడబోయే ఆధారాలను కూడా రాతపూర్వకంగా అడగండి. కనీసం 14 రోజుల ముందు వాళ్లు ఇవ్వాలి. అడిగినా ఇవ్వని ఆధారాన్ని హియరింగ్‌లో వాడకూడదు. అవి వచ్చాక ఓపిగ్గా చదవండి. వాళ్లు పోల్చిన ఇళ్ల చదరపు అడుగులు, కట్టిన ఏడాది, స్విమ్మింగ్ పూల్ మీ ఇంటికి సరిపోలుతున్నాయా? మీ ఇంట్లో లేని గది ఏదైనా రికార్డులో చేర్చారా? డాలస్ చుట్టూ ఉన్న నేల మన నల్లరేగడి లాంటిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు వారుతుంది, దాంతో ఫౌండేషన్ పగుళ్లిస్తుంది. పగుళ్ల ఫోటోలొక్కటే సరిపోవు, రిపేరుకి ఎంతవుతుందో కాంట్రాక్టర్ ఎస్టిమేట్ కూడా జత చేయండి.

ముందు డిస్ట్రిక్ట్ తరఫున విలువ కట్టే అప్రైజర్‌తో మాట్లాడే అవకాశం ఇస్తారు. అక్కడే తేలిపోతే మంచిదే. వీళ్లు రాష్ట్ర లైసెన్సింగ్ శాఖలో రిజిస్టరై, కోర్సులు చదివి పరీక్షలు రాసే ఉద్యోగులు. కోపం చూపిస్తే ఏమీ రాదు, లెక్క చూపిస్తే వింటారు. తేలకపోతే రివ్యూ బోర్డు ముందుకి వెళ్తారు. బోర్డు సభ్యులు డిస్ట్రిక్ట్ ఉద్యోగులు కారు, స్థానిక పౌరులే. రాష్ట్ర కంప్ట్రోలర్ (రాష్ట్ర ఆర్థిక వ్యవహారాలు చూసే అధికారి) ఇచ్చే శిక్షణ పూర్తి చేయనిదే హియరింగ్‌లో కూర్చోకూడదు. విలువ సరైనదని నిరూపించే భారం డిస్ట్రిక్ట్‌దే. 'పన్ను కట్టలేకపోతున్నాం' అన్నది అక్కడ పనికిరాదు. పన్ను రేటు తేల్చేది స్కూల్ డిస్ట్రిక్ట్, సిటీ, కౌంటీ. ఆ బాధ వాళ్ల బడ్జెట్ మీటింగుల్లో చెప్పాలి.

హియరింగ్ సరిగా జరగలేదా? మనవాళ్లు ఎక్కువగా ఇక్కడే వదిలేస్తారు, నాకు బాధ కలిగించేది ఇదే. జనాభా 1,20,000 మించిన కౌంటీల్లో ఇలాంటి ఫిర్యాదులు వినడానికి ట్యాక్స్‌పేయర్ లయజాన్ ఆఫీసర్ అనే అధికారి ఉంటారు. బోర్డు తీరు మీద కంప్ట్రోలర్ సర్వే ఉంది, తప్పకుండా నింపండి. అప్రైజర్ ప్రవర్తన మీదైతే లైసెన్సింగ్ శాఖకు రాయండి. డిస్ట్రిక్టుల పనిని కంప్ట్రోలర్ ఆఫీసు కనీసం రెండేళ్లకోసారి తనిఖీ చేస్తుంది.

బోర్డు ఆర్డర్ నచ్చకపోతే అది అందాక 60 రోజుల్లో ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకి) గానీ, జిల్లా కోర్టుకి గానీ వెళ్లొచ్చు. ఆ దారి పట్టినా వివాదం లేని మేరకు పన్నును మాత్రం జనవరి 31లోపు కట్టేయండి.