బిడ్డకు పోషణ చాలుతోందా? ఇంట్లో ఎలా కొలవాలి, ఎలా సరిదిద్దాలి?

బిడ్డ ఆడుకుంటోంది, ముఖం కళగా ఉంది అని ఊరుకోవడం వల్లే పోషకాహార లోపం చాలా ఇళ్లలో ఆలస్యంగా బయటపడుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఐదేళ్లలోపు పిల్లల్లో వయసుకు తగ్గ ఎత్తు లేనివారు ఆంధ్రప్రదేశ్‌లో 31.2 శాతం, తెలంగాణలో 33.1 శాతం. కంటికి ఆనేసరికి చాలా నష్టం జరిగిపోతుంది కాబట్టి కొలవాల్సిందే.

1. నెలనెలా బరువు తూయించండి

అంగన్‌వాడీలో ఒకే కాటా మీద, పలుచని బట్టలతో తూయించి తల్లీబిడ్డల కార్డులోని గ్రాఫ్‌లో చుక్క పెట్టించండి. చుక్క సరైన బరువును చూపే ఆకుపచ్చ భాగంలోనే ఉన్నా గీత రెండు నెలలుగా పైకి కదలకపోతే అది హెచ్చరికే.

2. జబ్బ చుట్టుకొలత తీయండి

ఇది 6 నెలల నుంచి 59 నెలల పిల్లలకు. ఎడమ చేతిని మోచేతి దగ్గర మడిచి, భుజం ఎముక కొస నుంచి మోచేతి కొస దాకా కొలిచి సరిగ్గా మధ్యలో గుర్తు పెట్టండి. తర్వాత చేతిని చాపి, వదులుగా కిందికి వేలాడనిచ్చి గుర్తు మీద టేపు చుట్టండి. 12.5 సెం.మీ. లేదా అంతకన్నా ఎక్కువైతే ఫరవాలేదు. 11.5 నుంచి 12.5లోపు ఉంటే మధ్యస్థ లోపం. 11.5 కన్నా తగ్గితే తీవ్ర లోపం. ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

తప్పు ఎక్కువగా రెండు చోట్ల జరుగుతుంది. టేపు బిగించి చర్మం నొక్కితే కొలత తగ్గి వస్తుంది, వదులుగా చుడితే పెరిగి వస్తుంది. టేపు చర్మానికి ఆని ఉండాలి, చర్మం ముడత పడకూడదు. మధ్య గుర్తును అంచనాగా పెట్టినా లెక్క తప్పుతుంది.

3. పాదాలు నొక్కి చూడండి

రెండు పాదాల పైభాగాన బొటనవేలితో మూడు సెకన్లు నొక్కి వదలండి. రెండింటిలోనూ గుంట పడి అలాగే నిలిస్తే ఒంట్లో నీరు చేరింది. అలాంటి బిడ్డ బొద్దుగా కనిపిస్తుంది, బరువు కూడా బాగానే తూగుతుంది. జబ్బ కొలత ఎంత ఉన్నా ఇది ప్రమాదమే.

4. కారణం వెతకండి

పుట్టినప్పుడు 2.5 కిలోల కన్నా తక్కువ బరువు, కవలలు, తల్లికి రక్తహీనత, చిన్న వయసులో కాన్పు, రెండేళ్లు నిండకముందే మరో గర్భం: వీటిలో ఏదున్నా బిడ్డను మరింత కనిపెట్టి చూడాలి. ఆరు నెలలలోపే పాలడబ్బా, నీళ్లు అలవాటు చేయడం, తల్లి కూలికి వెళ్లగా బిడ్డను పెద్దపిల్లలకు వదిలేయడం, పదేపదే విరేచనాలు కావడం మిగతా కారణాలు.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది నీళ్ల తిండి. ఏడు కిలోల బిడ్డ పొట్టలో ఒక విడతకు పట్టేది దాదాపు 200 మి.లీ. మాత్రమే. పప్పుకట్టు, గంజి, టీలో ముంచిన బిస్కెట్లతో ఆ చోటు నిండిపోతే ఆకలి తీరినట్టే ఉంటుంది గానీ ఒంటికి పట్టేది ఏమీ ఉండదు.

5. చిక్కగా, కొవ్వు చేర్చి పెట్టండి

ఆరు నెలలు నిండగానే తల్లిపాలతో పాటు తిండి మొదలుపెట్టాలి. 30 గ్రాముల బియ్యం, 15 గ్రాముల పెసరపప్పు, నాలుగు పాలకూర ఆకులు మెత్తగా ఉడికించి, మెదిపి, ఒక టీస్పూను నెయ్యి లేదా నూనె కలపండి. సుమారు 200 కేలరీలు వస్తాయి. 6–8 నెలల బిడ్డకు తల్లిపాలు కాక రోజుకు కావాల్సింది అంతే. దాన్ని రెండు మూడు విడతలుగా పెట్టండి. చెంచా వంచితే జారిపోకూడదు, అదే చిక్కదనానికి గుర్తు. 9 నెలల నుంచి మూడు నాలుగు విడతలు, విడతకు అర కప్పు. ఏడాది దాటాక ముప్పావు కప్పు నుంచి కప్పు దాకా, మధ్యలో ఒకటి రెండు చిరుతిండ్లు. గుడ్డు బాగా ఉడికించి మెదిపి పెట్టవచ్చు. బిడ్డకు విడిగా పళ్లెం పెట్టండి. అందరితో కలిపి పెడితే ఎంత తిన్నదో తెలియదు.

అంగన్‌వాడీలో ఇచ్చే 2.5 కిలోల బాలామృతం (పిల్లల పోషకాహార పొడి) రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులు వస్తుంది. ఇంట్లో అందరూ పంచుకుంటే వారంలో ఖాళీ అవుతుంది. దయచేసి అది బిడ్డకే ఉంచండి.

6. విరేచనాలప్పుడు పథ్యం పెట్టకండి

ఒట్టి గంజితో సరిపెట్టే అలవాటు బిడ్డను ఇంకా చిక్కేలా చేస్తుంది. ఓఆర్‌ఎస్ ఇస్తూ తల్లిపాలు, మామూలు తిండి కొనసాగించండి. ఆరు నెలలు దాటినవారికి జింక్ 20 మి.గ్రా. మాత్ర రోజుకొకటి, 14 రోజులు. విరేచనాలు ఆగిపోయినా పూర్తిగా వాడాలి. తగ్గాక రెండు వారాల పాటు రోజూ ఒక విడత అదనంగా పెట్టండి.

7. ఇంట్లో ఆగకూడని సమయం

జబ్బ 11.5 సెం.మీ. లోపు ఉన్నా, పాదాల్లో నీరు చేరినా, తిండి ముట్టకపోయినా, మత్తుగా ఉన్నా, ఒళ్లు చల్లబడినా, ఆరు నెలలలోపు బిడ్డ పాలు సరిగా తాగకపోయినా ప్రభుత్వాసుపత్రిలోని పోషకాహార పునరావాస కేంద్రానికి వెళ్లాలి. చిక్కిపోయిన బిడ్డకు ఒక్కసారిగా దండిగా పెడితే రక్తంలో ఖనిజ లవణాలు తారుమారై గుండెకే ముప్పు. అందుకే అక్కడ 100 మి.లీ.కు 75 కేలరీలే ఉండే పాలతో కొద్దికొద్దిగా మొదలుపెడతారు. ఐరన్ సిరప్ కూడా బిడ్డ కోలుకోవడం మొదలయ్యాకే ఇస్తారు కాబట్టి మీరుగా పట్టించకండి. దారిలో బిడ్డను ఎదకు హత్తుకుని వెచ్చగా ఉంచండి, తల్లిపాలు ఆపకండి.